కరోనా నేర్పిన మంచిని వదిలేసి, చెత్తను ఉంచుకున్నాం

కరోనా ఉన్న ఆ రెండేళ్లలో మన ఆఫీసులకు చాలా కొత్త అలవాట్లు వచ్చాయి. కిటికీలు తెరిచి కూర్చున్నాం. మీటింగులు ఫోన్లోనే అయిపోయాయి. ఫైళ్లు కంప్యూటర్‌లో కదిలాయి, అక్కర్లేని ప్రయాణాలు ఆగాయి. వాటితో పాటే పేపర్ కప్పులు, అర లీటరు నీళ్ల సీసాలు, కవర్లలో కట్టిన పార్సిల్ భోజనాలు వచ్చిపడ్డాయి. ఇప్పుడు చూస్తే మొదటి రకంలో దాదాపు ఏదీ మిగల్లేదు, రెండో రకంలో ఏదీ పోలేదు. నేను నల్గొండలో ఒక జిల్లా స్థాయి ఆఫీసులో పనిచేస్తాను. మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ వైపు ఉన్న మా బ్యాచ్ వాళ్లను అడిగినా ఇదే మాట చెప్తున్నారు. చాలా రోజులుగా మనసులో మెదులుతున్న విషయం ఇది. కాస్త పొడుగైనా ఓపిగ్గా చదవండి.

ముందు కప్పుల సంగతి. కరోనాకు ముందు మా దగ్గర చాయ్‌కి గాజు గ్లాసులుండేవి. 2020లో ఒకరు తాగిన గ్లాసు ఇంకొకరు ముట్టొద్దని వాటిని తీసేసి పేపర్ కప్పులు పెట్టారు. అప్పటి భయం న్యాయమైనదే. ఏది ఎట్లా అంటుకుంటుందో డాక్టర్లకే సరిగా తెలియని రోజులవి. కానీ 2021 ఏప్రిల్ నాటికే అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ స్పష్టంగా చెప్పింది: వైరస్ ఉన్న వస్తువును ఒకసారి ముట్టుకుంటే జబ్బు అంటుకునే అవకాశం పదివేలల్లో ఒకటి కంటే తక్కువని. ముప్పు ఎక్కువగా మనం పీల్చే గాలితోనే. సబ్బుతో కడిగిన గ్లాసును చూసి భయపడాల్సిన పని అప్పుడే పోయింది. గ్లాసులు మాత్రం తిరిగి రాలేదు.

పేపరే కదా, మట్టిలో కలిసిపోతుంది అంటారు. కలవదు. కప్పు లోపల పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది, అది ఉంటేనే చాయ్ కారకుండా నిలుస్తుంది. 2020లో ఐఐటీ ఖరగ్‌పూర్ వాళ్లు పరీక్షించి చూశారు. 100 మిల్లీలీటర్ల వేడి ద్రవం 15 నిమిషాలు అందులో ఉంటే దాదాపు 25,000 సూక్ష్మ ప్లాస్టిక్ కణాలు దాంట్లో కలుస్తాయని తేలింది. ఫైలు చూస్తూ చాయ్‌ని చల్లారేదాకా పక్కన పెట్టుకునే వాళ్లం మనం, ఆ పావుగంట ఇట్టే గడుస్తుంది. 2022 జూలై 1 నుంచి దేశమంతా ప్లాస్టిక్ కప్పులు, గ్లాసులు, ప్లేట్లు, చెంచాలు, స్ట్రాలు నిషేధించారు. ఆ జాబితాలో పేపర్ కప్పు లేదు, నీళ్ల సీసా లేదు. కాబట్టి ఆఫీసులన్నీ హాయిగా పేపర్ కప్పులతోనే ఉండిపోయాయి. సాయంత్రానికి డబ్బా నిండిన కప్పులు కాంపౌండు గోడ పక్కకు పోతాయి, ఎవరో అగ్గి పెడతారు. ఆ పొగ పీల్చేది ఊడ్చే మనిషి.

గ్లాసులు మళ్లీ పెడదామని నేను అంటే మా అటెండర్ ఒక మాట అడిగింది. "కడగాలంటే నల్లా యాడుంది మేడమ్? బాత్రూంల కడగమంటరా?" ఆమె అడిగింది నూటికి నూరు పాళ్లు న్యాయం. పర్యావరణం పేరు చెప్పి ఆమె నెత్తిన ఇంకో పని పెట్టడం నాకు ఇష్టం లేదు. ఎవరి స్టీలు గ్లాసు వాళ్లు తెచ్చుకోవాలి, ఎవరిది వాళ్లే కడుక్కోవాలి, ఆఫీసర్‌తో సహా. వెనక వరండాలో ఒక సింకు, ఒక నల్లా పెట్టించాలి. కప్పులకు ప్రతి నెలా కంటింజెన్సీ (చిల్లర ఖర్చుల) బిల్లు పెట్టగలిగిన ఆఫీసు ఒక్కసారి సింకు పెట్టించలేదా?

కప్పులకంటే నాకు ఎక్కువ బాధ కలిగించేవి నీళ్ల సీసాలు. ఎందుకంటే ఇది నల్గొండ. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుము వంగిన మనుషుల్ని చూస్తూ పెరిగినవాళ్లం. 1996లో ఈ జిల్లా నీళ్ల గోస ఢిల్లీకి వినబడాలని నల్గొండ లోక్‌సభ స్థానానికి ఏకంగా 480 మంది పోటీకి దిగారు. బ్యాలెట్ పేపర్ పుస్తకమంత అయింది, పోలింగే వాయిదా పడింది. జలసాధన సమితి నడిపిన ఆ పోరాటం దేశమంతా మాట్లాడుకుంది. తర్వాత కృష్ణా నీళ్లు శుద్ధి చేసి పైపుల్లో తెచ్చుకున్నాం, ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథ పథకం వచ్చింది. అంత కొట్లాడి తెచ్చుకున్న నీళ్లు నల్లాలో వస్తుంటే, అదే జిల్లాలో, తాగునీటి మీద పెట్టిన సమీక్షలోనే టేబుల్ నిండా ప్లాస్టిక్ సీసాలు పెడుతున్నారు. ఒక్కొక్కరు రెండు గుక్కలు తాగి వదిలేస్తారు. మీటింగ్ అయ్యాక సగం నిండిన సీసాల్ని మూతలు తీసి ఒంపేస్తుంటే నాకు కడుపులో దేవినట్టు అవుతుంది.

భగీరథ నీళ్ల మీద నమ్మకం లేదంటే ఒక పని చేయండి. మీ ఆఫీసు నల్లా నీళ్లు పరీక్ష చేయించి, ఆ రిపోర్టు నోటీసు బోర్డు మీద అంటించండి. ట్యాంకు కడిగిన తేదీ కూడా రాయండి. ఆఫీసు ట్యాంకు కడిగించకుండా నీళ్లు బాగాలేవనడం పద్ధతి కాదు. ఒకప్పుడు ప్రతి ఆఫీసు వరండాలో రంజన్ (చల్లటి నీళ్ల మట్టి కుండ) ఉండేది, పని మీద వచ్చిన రైతు కూడా అందులోనే ముంచుకుని తాగేవాడు. కరోనాలో అది పోయింది. ఇప్పుడు ఆఫీసర్‌కు సీసా ఉంది, మాకు క్యాన్ ఉంది, రైతుకు ఏమీ లేదు. మహబూబ్‌నగర్‌లో నా స్నేహితురాలి ఆఫీసులో నల్లా ఉన్న రంజన్లు పెట్టారు, ఎవరూ చెయ్యి ముంచే పనిలేదు. ఎండాకాలమంతా జనం వాటి దగ్గరే ఉన్నారట.

ఇక కిటికీలు. గాలి ఆడాలి, తలుపులు తెరవండి అని ప్రపంచమంతా మొత్తుకున్న జబ్బు పోయాక, మనం గదుల్ని అల్యూమినియం పార్టిషన్లతో మూసేసి ఏసీలు బిగించుకున్నాం. ఏప్రిల్, మే నెలల్లో నల్గొండ ఎండ ఎట్లా ఉంటుందో నాకూ తెలుసు, ఏసీ వద్దనను. కానీ డిసెంబరులో కూడా ఎందుకు? 18 దగ్గర పెట్టుకుని శాలువా కప్పుకోవడం ఎందుకు? 2020 జనవరి నుంచి వచ్చే స్టార్ రేటింగ్ ఏసీలన్నీ ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలవ్వాలని కేంద్రం రూలు పెట్టింది. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని ఇంధన పొదుపు సంస్థ బీఈఈ చెబుతోంది. ఆ కరెంటు ఎక్కడి నుంచో ఊరికే రాదు. దామరచర్ల మండలం వీర్లపాలెం దగ్గర 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం మన జిల్లాలోనే కట్టుకున్నాం. అక్కడ కాలే బొగ్గు పొగ, లేచే బూడిద పడేది మిర్యాలగూడ వైపు మన వాళ్ల మీదే.

ఈ-ఆఫీస్ గురించి, అంటే ఫైళ్లను కంప్యూటర్‌లోనే నడిపే పద్ధతి గురించి, ఒక్క మాటే. కంప్యూటర్‌లో వచ్చిన ఫైలును ప్రింటు తీసి, సంతకం పెట్టి, స్కాన్ చేసి మళ్లీ కంప్యూటర్‌లో పెడుతున్నాం. డిజిటల్ సంతకం ఎట్లా చేయాలో పై ఆఫీసర్లకు ఒక పూట కూర్చోబెట్టి నేర్పిస్తే రీములకు రీములు మిగులుతాయి.

ప్రయాణాల విషయం చెప్తే నా తోటి ఉద్యోగులకే కోపం వస్తుంది, అయినా చెప్పాలి. హైదరాబాద్‌లో ఉంటూ రోజూ అప్ అండ్ డౌన్ చేసేవాళ్లు మనలో చాలామంది. అటు మహబూబ్‌నగర్ అయినా, ఇటు నల్గొండ అయినా ఒకవైపే వంద కిలోమీటర్ల దాకా ఉంటుంది. పిల్లల చదువులు, భర్త ఉద్యోగం, ముసలి తల్లిదండ్రులు, ఎవరి కష్టం వాళ్లది. అందరూ ఇక్కడికి మారిపోండి అని నేననను. కానీ కరోనాలో ప్యాసింజర్ రైళ్లు ఆగినప్పుడు మొదలైన ఒక్కరికి ఒక్క కారు పద్ధతి ఇంకా నడుస్తోంది. ఒకే ఆఫీసుకు వచ్చే నలుగురు నార్కట్‌పల్లి దాకా ఒకరి వెనక ఒకరు నాలుగు కార్లలో వస్తున్నారు. నలుగురూ ఒక కారులో రావచ్చు, రైలు పాస్ తీసుకోవచ్చు. చందంపేట, దేవరకొండ నుంచి మండల సిబ్బందిని గంట మీటింగ్ కోసం జిల్లా కేంద్రానికి రప్పించడం కూడా మానాలి. కరోనాలో అవే లెక్కలు వీడియో కాన్ఫరెన్స్‌లో చెప్పారు, ఏ పనీ ఆగలేదు. పోయేది ఒక్క డీజిలే కాదు, ఆ రోజు ఆ మండలంలో ఆఫీసుకు వచ్చిన జనం పని కూడా పోతుంది.

భోజనాల దగ్గర మన ప్రాంతానికి ఉన్నంత సదుపాయం ఎవరికుంది? అచ్చంపేట, అమ్రాబాద్ వైపు మోదుగ చెట్లకు కొదవ లేదు, విస్తర్లు కుట్టే చేతులూ ఉన్నాయి. రిటైర్మెంట్ ఫంక్షన్లకు మెరిసే ప్లేట్లు ఆపి ఆ విస్తర్లు తెప్పిస్తే డబ్బు కూడా మన దగ్గరే తిరుగుతుంది. సిద్దిపేటలో స్టీలు సామాన్లు అద్దెకిచ్చే స్టీల్ బ్యాంకులు నడుస్తున్నాయి. నల్గొండలోనూ మహిళా సంఘాలకు ఆ పని అప్పగించవచ్చు.

ఉద్యోగ సంఘాల పెద్దలకు నా విన్నపం. డీఏ (కరువు భత్యం), పీఆర్సీ (జీతాల సవరణ) డిమాండ్లు మనవి, వాటి కోసం మీతో పాటు నేనూ ధర్నాలో కూర్చుంటాను. ఈసారి ప్రభుత్వంతో జాయింట్ మీటింగ్‌కు పోయినప్పుడు ఇంకో మూడు రాయండి: ప్రతి ఆఫీసులో సింకు, జనానికి తాగునీళ్లు, ఆఫీసు వేళకు అందే రైలు. బిల్లులు పాస్ చేసే డీడీవోలు (ఆఫీసు డబ్బు డ్రా చేసే అధికారులు) మీలో ఉంటే, వచ్చే నెల కప్పుల బిల్లు, సీసాల బిల్లు మీ టేబుల్ మీదికి వచ్చినప్పుడు సంతకం పెట్టకుండా వెనక్కి పంపండి.