కాటన్ దొర మీద కేసు పెట్టాల్సిందే

ధవళేశ్వరం నుంచి అంతర్వేది దాకా ఊరూరా కాటన్ దొర విగ్రహాలే. దండలు వేసేవాళ్ళు వేస్తున్నారు గానీ, ఆయన చేసిన పని చట్టప్రకారం ఎలాంటిదో ఇంతవరకు ఎవరూ పరిశీలించలేదు. కావేరి వైపు పనిచేసే రోజుల్లో ఆయన చోళులు కట్టిన కల్లణై ఆనకట్ట చూశాడు. లోతు తెలియని ఇసుకలో పునాది ఎలా నిలబెట్టారో కనిపెట్టాడు. 1847లో గోదావరి మీద పని మొదలుపెట్టి 1852కల్లా ఆనకట్ట లేపేశాడు. పోనీ గుట్టుగా ఉన్నాడా అంటే అదీ లేదు, ఈ విద్య వాళ్ళ దగ్గరే నేర్చుకున్నామని రాసి మరీ పెట్టాడు. అమెరికాలో తెలిసి తెలిసి పేటెంట్ ఉల్లంఘిస్తే నష్టపరిహారం మూడింతల దాకా వెయ్యొచ్చు. ఆ లెక్కన చోళుల వారసులకు డెల్టా మొత్తం రాసిచ్చినా బాకీ తీరదు.

ఈ ప్రస్తావన ఇప్పుడెందుకంటే, భీమవరం పక్క ఊళ్ళో ఒక కుర్రాడు రొయ్యల చెరువుల కోసం ఉచిత సాఫ్ట్‌వేర్ రాశాడు. చెరువు ఎన్ని ఎకరాలు, సీడ్ ఎంత వేశారు, పొద్దున చెక్ ట్రేలో మేత ఎంత మిగిలింది అని కొడితే సాయంత్రం ఎంత వెయ్యాలో చెబుతుంది. కోడ్ ఎవరైనా చూసుకోవచ్చు, మార్చుకోవచ్చు. ఇదే పని చేసే డబ్బుల యాప్ ఒకటి ముందే ఉంది. ఇంకేముంది, టీ కొట్టు దగ్గర న్యాయపీఠం కూర్చుంది. "అచ్చం అదే లెక్క చూపిస్తోందిరా, లోపలేస్తారు" అని ఒకాయన. "కనీసం ఆ పచ్చ బటన్ నీలం చెయ్యరా అబ్బాయ్, సెక్షన్ మారిపోద్ది" అని ఇంకొకాయన. కుర్రాడు టెన్షన్ పడి రాత్రికి రాత్రే నీలం చేశాడు.

మన 1957 కాపీరైట్ చట్టం ప్రోగ్రామ్‌ని సాహిత్య కృతుల్లో కలిపింది. అంటే మేత లెక్క రాసిన కుర్రాడూ, రాజమహేంద్రవరంలో పద్యాలు రాసిన నన్నయ గారూ చట్టం దృష్టిలో ఒకే వరసలో కూర్చుంటారు. రక్షణ రాసిన రాతకే, దాని వెనకున్న ఆలోచనకి లేదు. సక్రమంగా తీసుకున్న ప్రోగ్రామ్‌ని వాడుతూ, అదెలా పనిచేస్తుందో గమనించి సూత్రం పట్టుకోవచ్చని 52వ సెక్షన్ కూడా ఒప్పుకుంటుంది. ఇంత ధర్మంగా ఉంటే లాయర్లేం తినాలి? అందుకే పేటెంట్లున్నాయి. అవి పనిచేసే పద్ధతినే కట్టేస్తాయి. ఒట్టి ప్రోగ్రామ్‌కి పేటెంట్ లేదని మన పేటెంట్ చట్టం 3(కె) అంటుంది గానీ, కుర్రాడు కోడ్ పెట్టింది అమెరికా సర్వర్లో. ఒక్క క్లిక్కుతో వస్తువు కొనే పద్ధతికి అమెజాన్ అక్కడ 1999లో పేటెంట్ తెచ్చుకుని 2017 దాకా అనుభవించింది. అలాంటి చోట "వాళ్ళది చూడనే లేదు, నా బుర్రతో రాసుకున్నాను" అంటే చెల్లదు. చూసి రాస్తే మరీ ప్రమాదం. అందుకే పేటెంట్లు చదవొద్దని ఇంజనీర్లకు చెప్పే లాయర్లున్నారు. అజ్ఞానాన్ని ఇంత శ్రద్ధగా పెంచి పోషించే ఏర్పాటు మన కార్పొరేట్ కాలేజీల్లో కూడా లేదు.

తెర మీద పనిముట్లు ఉండే పెట్టెలకు (ప్యాలెట్లకు) ట్యాబులు పెట్టి లాగి కలుపుకునే పద్ధతి మాదేనని 2000లో అడోబీ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ తన పోటీదారు మాక్రోమీడియా మీద దావా వేసింది. 2002లో జ్యూరీ అడోబీకి 28 లక్షల డాలర్లు ఇప్పించింది. కొద్ది రోజులకే ఎదురు దావాలో మాక్రోమీడియాకు 49 లక్షలు ఇప్పించారు. 2005లో అడోబీ ఆ కంపెనీని కొనడానికే ఒప్పందం చేసుకుంది. గట్టు తగాదాతో కోర్టుకెక్కిన రెండు కుటుంబాలు ఆఖరికి వియ్యమందుకున్నట్టు. మనవాడికి ఆ యోగం లేదు. ఎదురు దావాకి సొంత పేటెంట్ లేదు, పిల్లనివ్వడానికి కంపెనీ లేదు. జావా అనే ప్రోగ్రామింగ్ భాష ఇంటర్‌ఫేస్‌లోని, అంటే ప్రోగ్రాములు ఆ భాష సదుపాయాలను పిలిచే పేర్ల పట్టికలోని, దాదాపు 11,500 లైన్లు వాడుకుందని 2010లో గూగుల్ మీద ఒరాకిల్ వేసిన దావాలో గూగుల్ 2021లో అమెరికా సుప్రీంకోర్టులో గెలిచింది. గూగుల్ కాబట్టి తట్టుకుంది. మన కుర్రాడైతే ఈలోగా పెళ్ళి చేసుకుని, పిల్లల్ని బడికి పంపుతూ, వాయిదాలకి చెరువు తాకట్టు పెడతాడు.

పద్ధతిగా చేసినవాళ్ళూ ఉన్నారు. 1984లో ఫీనిక్స్ కంపెనీ ఐబీఎం పీసీకి సాటి బయోస్ (కంప్యూటర్ ఆన్ చెయ్యగానే దాన్ని నిద్రలేపే ప్రోగ్రామ్) తయారుచేసినప్పుడు, ఒక జట్టు ఐబీఎం కోడ్ చదివి అదేం చేస్తుందో మాత్రం రాసిచ్చింది. ఆ కోడ్ మొహమైనా చూడని వాళ్ళు కొత్తది రాశారు. మనవాడి దగ్గర రెండు జట్లూ వాడే. వాళ్ళ పెదనాన్నగారి అబ్బాయి ఆ డబ్బుల యాప్ కంపెనీలోనే ఉద్యోగం. సంక్రాంతికి ఊరొచ్చి, కోడిపందెం బరి పక్కన జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి, "ఇందులో మా మేత ఫార్ములా ఫైలుందిరా తమ్ముడూ, చూసుకో" అని చేతిలో పెట్టాడు. పైన కంపెనీ పేరూ, కాపీరైట్ లైనూ చెక్కుచెదరకుండా ఉన్న ఆ ఫైలు ఇవాళ్టికీ ప్రాజెక్టు ఫోల్డర్లో హాయిగా పడుకుని ఉంది. నోటీసంటూ వస్తే ముందు దీనికే వస్తుంది. టీ కొట్టు పీఠం మాత్రం ఇంకా బటన్ రంగు మీదే విచారణ సాగిస్తోంది. అన్నదమ్ముల ఇచ్చిపుచ్చుకోవడాల్లోకి చట్టం దూరదని మా వాళ్ళ నమ్మకం.

చివరికి కుర్రాణ్ణి చెరువుల లీజు కేసులు చూసే పెద్ద లాయరు గారి దగ్గరికి తీసుకెళ్ళారు. ఆయన అంతా ఓపిగ్గా విన్నారు. కళ్ళజోడు తుడుచుకుని, తెల్లకాగితం ముందు పెట్టుకుని అడిగారు: "అంతా బానే ఉంది బాబూ, ముందు ఈ సాఫ్ట్‌వేర్‌కి తూర్పు హద్దు ఎవరిదో చెప్పు."