చూసినవాడు బతికితేనే శౌర్యం

1944 జూన్ 12 రాత్రి ఇంగ్లండ్‌లోని మిడిల్టన్ సెయింట్ జార్జ్ నుంచి లేచిన ఒక కెనడా లాంకాస్టర్ బాంబర్, ఫ్రాన్స్‌లోని కాంబ్రే రైల్వే యార్డు మీదికి వెళ్తూ జర్మన్ నైట్ ఫైటర్ కంటపడింది. ఎడమవైపు రెండు ఇంజన్లూ ఆగిపోయాయి. దూకేయమని పైలట్ ఆదేశించాడు. నడిమి టరెట్‌లోని (తుపాకులు బిగించిన తిరిగే గూడు) గన్నర్ ఆండ్రూ మైనార్స్కీ తలుపు దాకా వచ్చాడు. వెనక్కి చూస్తే తోక టరెట్‌లో సహచరుడు పాట్ బ్రోఫీ ఇరుక్కుపోయి ఉన్నాడు. మైనార్స్కీ మంటల్లోంచి పాకుతూ వెళ్లి గొడ్డలితో టరెట్‌ను కదిలించబోయాడు. అది కదలలేదు. వెళ్లిపొమ్మని బ్రోఫీ చేయి ఊపాడు. మైనార్స్కీ తలుపు దగ్గరికి తిరిగొచ్చి, మంటలంటుకున్న బట్టలతోనే నిటారుగా నిలబడి సెల్యూట్ చేసి దూకాడు. ఆ కాలిన గాయాలతోనే చనిపోయాడు.

విమానం కూలినప్పుడు బ్రోఫీ బయటికి విసిరివేయబడి ప్రాణాలతో మిగిలాడు. ఆయన చెప్పాకే ఆ రాత్రి ఏం జరిగిందో లోకానికి తెలిసింది. 1946 అక్టోబరులో మైనార్స్కీకి బ్రిటన్ అత్యున్నత శౌర్య పతకం విక్టోరియా క్రాస్ ప్రకటించారు. బ్రోఫీ కూడా చనిపోయి ఉంటే? అప్పుడు మైనార్స్కీ మరణించినవారి జాబితాలో ఒక పేరు, అంతే. శౌర్య పతకం శౌర్యాన్ని కొలుస్తుందని మనం నమ్ముతాం. నిజానికి అది చాలావరకు సాక్ష్యాన్ని కొలుస్తుంది. బాంబర్ గన్నర్ల విషయంలో ఈ తేడా భయంకరమైనది.

బ్రిటన్ వైమానిక దళపు బాంబర్ల విభాగం బాంబర్ కమాండ్‌లో సుమారు 1,25,000 మంది ఎయిర్‌క్రూ (విమానంలో ఎగిరే సిబ్బంది) పనిచేస్తే 55,573 మంది చనిపోయారు. నూటికి నలభై నాలుగు మంది. చాలా విమానాలు ఏడుగురితో వెళ్లి ఏడుగురితోనూ కూలిపోయాయి. చివరి నిమిషాల్లో ఎవరు ఎవరి కోసం ఏం చేశారో చెప్పడానికి ఎవరూ మిగల్లేదు. ఎవరైనా మిగిలి చెప్పినా నిబంధన అడ్డొచ్చేది. వైమానికుల శౌర్య పతకాలైన డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్, డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ మెడల్ రెండూ మరణానంతరం ఇచ్చేవి కావు. చనిపోయిన గన్నర్‌కు దక్కగలిగింది విక్టోరియా క్రాస్, లేదంటే అధికారిక నివేదికలో పేరు ప్రస్తావన. శిఖరానికీ నేలకీ మధ్య మెట్టే లేదు. ఈ నియమం 1979 దాకా మారలేదు. నా దృష్టిలో ఆ పతకాల చరిత్రలో ఇదే అన్నిటికన్నా పెద్ద అన్యాయం.

గన్నర్ పని స్వభావం కూడా పతకాలకు అనుకూలించేది కాదు. లాంకాస్టర్ తోక టరెట్‌లో నాలుగు బ్రౌనింగ్ మెషిన్‌గన్లు ఉండేవి. ఎదురుగా వచ్చే నైట్ ఫైటర్ ఫిరంగుల ముందు అవి బలహీనమైనవి. మైనస్ 40 డిగ్రీలకు దిగే చలి. చీకట్లో స్పష్టంగా కనబడాలని చాలామంది కళ్లముందున్న పెర్‌స్పెక్స్ (పారదర్శక ప్లాస్టిక్) పలకనే తీసేయించుకునేవారు. టరెట్‌లో చోటు చాలక పారాచూట్‌ను బయట, విమానం లోపలి భాగంలో తగిలించేవారు. ప్రమాదంలో వెనక్కి తిరిగి దాన్ని అందుకోగలగాలి. ఇంతా చేస్తే అసలు పని కాల్చడం కాదు, గంటల తరబడి చూడటం. నీడ కనబడగానే ఎటు మలుపు తిప్పాలో పైలట్‌కు అరిచి చెప్పడం. అలా తప్పించుకున్న విమానం గురించి నివేదికలో రాయడానికి పెద్దగా ఏమీ ఉండదు. ఒక్క తూటా కాల్చకుండా టూర్ (నిర్ణీత దాడుల విడత) ముగించిన గన్నర్లు ఉన్నారు. వాళ్ల చూపే ఆరుగురు సహచరుల్ని ఇంటికి చేర్చి ఉండవచ్చు.

హోదాల లెక్క వేరే. ఫ్లయింగ్ క్రాస్ అధికారులకూ వారంట్ ఆఫీసర్లకూ, ఫ్లయింగ్ మెడల్ సార్జెంట్లకూ వారి కిందివారికీ. రెండూ 1918 జూన్ 3న పుట్టాయి. రెండో ప్రపంచ యుద్ధంలో క్రాస్‌లు 20 వేలకు పైగా ఇస్తే, మెడల్స్ 6,600కు కాస్త ఎక్కువ. బాంబర్ కమాండ్‌లో సార్జెంట్లే ఎక్కువన్న సంగతి గుర్తుంచుకుని ఈ అంకెలు చదవాలి. 207 స్క్వాడ్రన్ గన్నర్, స్కాట్లండ్‌కు చెందిన వాలెస్ మెకింటోష్ మొదట మెడల్, అధికారి అయ్యాక క్రాస్, ఆ తర్వాత దానికి బార్ (అదే పతకం రెండోసారి వచ్చిందని చూపే పట్టీ) అందుకున్నాడు. మనిషి అదే, పని అదే. మారింది భుజం మీది గుర్తు. 1993లో మెడల్‌ను రద్దు చేసి క్రాస్‌ను అన్ని హోదాలకూ తెరిచారు.

ఈ కథలో హైదరాబాద్ పేరు కూడా ఉంది. 1918లో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఇచ్చిన విమానాలు అందుకున్న 110వ స్క్వాడ్రన్ ‘హైదరాబాద్’ పేరు ధరించింది. 1939 సెప్టెంబరు 4న, యుద్ధం ప్రకటించిన మర్నాడే, జర్మన్ నౌకలపై తొలి బాంబు దాడికి వెళ్లింది ఆ స్క్వాడ్రన్ బ్లెన్‌హైమ్ బాంబర్లే. తోడు వెళ్లిన 107వ స్క్వాడ్రన్ నాలుగు విమానాల్ని పోగొట్టుకుంది. దాడికి నాయకత్వం వహించిన కెన్నెత్ డోరన్‌కు ఆ యుద్ధపు తొలి క్రాస్‌లలో ఒకటి దక్కింది. ఒక్కో బ్లెన్‌హైమ్‌లో ముగ్గురు ఉండేవారు. వెనుక కూర్చున్న గన్నర్ల పేర్లు మన హైదరాబాద్ చరిత్ర పుస్తకాల్లోకి ఎక్కలేదు. ఎక్కాలని నా కోరిక.

శౌర్యానికి కాక యుద్ధంలో పనిచేసినందుకు ఇచ్చే సేవా పతకాలు తేదీలకు బందీలు. బ్రిటన్ నుంచి యూరప్ మీదికి ఎగిరినవారికి ఎయిర్ క్రూ యూరప్ స్టార్ ఇచ్చారు, కానీ 1944 జూన్ 5 వరకే, అదీ రెండు నెలల సేవ ఉంటేనే. ఆ మర్నాటి నుంచి ఫ్రాన్స్ అండ్ జర్మనీ స్టార్. ఆలస్యంగా చేరిన గన్నర్ అదే ఆకాశంలో, అదే ఫిరంగుల మధ్య ఎగిరినా, సైన్యం, నౌకాదళం అందరూ పంచుకున్న స్టార్‌తోనే సరిపెట్టుకోవాలి. బాంబర్ కమాండ్‌కు ప్రత్యేక పతకం రానే లేదు. హాంబర్గ్, డ్రెస్డెన్ నగరాల్లో వేలాది పౌరులు కాలిపోయారు. 1945 మార్చిలో చర్చిల్ స్వయంగా ఆ విధానాన్ని పునరాలోచించాలని రాశారు. ఆ చావుల్ని నేను తేలిక చేయను. వాటికి జవాబుదారీ లక్ష్యాలు ఎంచినవారిది. తోకలో కూర్చున్న ఇరవయ్యేళ్ల సార్జెంట్ నగరాన్ని ఎంచలేదు. పాలకుల ఇబ్బందికి మూల్యం మాత్రం అతని ఛాతీ మీది ఖాళీ రూపంలో తేలింది. 2013లో 1939–45 స్టార్ అనే సేవా పతకపు రిబ్బన్ మీద తగిలించుకునే ‘బాంబర్ కమాండ్’ పట్టీ ఇచ్చారు. అప్పటికి చాలామంది పోయారు, మిగిలినవారు తొంభైకి అటూఇటూ ఉన్నారు.

ఇప్పుడు చేయగలిగిన పని ఒకటుంది. బ్రిటిష్ వైమానికులకు ఇచ్చిన స్టార్లపై పేరు ముద్రించలేదు. మెడల్ అంచున నంబరు, హోదా, పేరు ఉంటాయి. క్రాస్ వెనుక అధికారికంగా చెక్కింది సంవత్సరం మాత్రమే. అంటే శౌర్య పతకం రాని గన్నర్ స్టార్లు కుటుంబం చేయి దాటితే, అవి ఎవరివో చెప్పే ఆధారం ఆయన ఫ్లయింగ్ లాగ్‌బుక్ ఒక్కటే. అందులో తేదీ, విమానం, పైలట్ పేరు, లక్ష్యం వరుసగా ఉంటాయి. వేలంశాలలు, మ్యూజియాలు పతకాల్ని లాగ్‌బుక్ నుంచి విడదీయకూడదు. విడదీసి అమ్మడాన్ని చట్టమే నిషేధించాలి.