పుట్ట లేని చోట పుట్టగొడుగు

సెప్టెంబరు చివరి వారంలో మన సంఘం వాళ్ళం కొందరం అమెరికా వాషింగ్టన్ రాష్ట్రంలోని ఇసాక్వా దగ్గరి టైగర్ పర్వతం దారుల్లో నడిచాము. తొలకరి జల్లులకు అడవి అప్పుడే తడిసింది. వైన్ మేపుల్ ఆకులు అంచుల నుంచి ఎర్రబడుతున్నాయి, సలాల్ పొదల్లో నల్లని పండ్లు అక్కడక్కడ మిగిలి ఉన్నాయి. దారి పొడవునా అల్లుకున్న ముళ్ళ బ్లాక్‌బెర్రీని ఇక్కడివారు ‘హిమాలయన్’ అంటారు గానీ, 1885లో మొక్కల పెంపకందారు లూథర్ బర్బాంక్ ఈ దేశానికి తెచ్చి ప్రచారం చేసిన ఆ మొక్క స్వస్థలం ఆర్మేనియా, ఇరాన్ ప్రాంతాలు.

డగ్లస్ ఫర్ చెట్ల కింద నాచులో షాంటరెల్ అనే తినదగ్గ పుట్టగొడుగు ఒకటి కనిపించింది. గుడ్డు పచ్చసొన రంగు; గొడుగు అడుగున విడి రేకులకు బదులు కాడ మీదికి జారే ముడతలు; చీలిస్తే ఉడికిన కోడిమాంసంలా పోగులు పోగులుగా విడిపోయింది, లోపలంతా తెలుపు. ఇన్ని గుర్తులూ కలిస్తేనే అది షాంటరెల్.

ఇంతలో, కూతురి కాన్పుకు గుంటూరు జిల్లా నుంచి వచ్చిన ఒక పెద్దావిడ, అడుగున సంచిలాంటి తెల్లని పొర ఉన్న గొడుగొకటి పెకలించి, “ఇవి మన వరిగడ్డిలో వచ్చేవే కదమ్మా, కూరకు సరిపోతాయి” అన్నారు. పిల్లలు నవ్వారు. ఆ నవ్వు నాకు నచ్చలేదు, ఎందుకంటే ఆవిడ కన్ను తప్పు కాదు: మన వరిగడ్డి పుట్టగొడుగుకూ, ప్రాణాంతకమైన డెత్ క్యాప్‌కూ లేత దశలో పోలిక నిజంగానే ఉంది, ఆసియా నుంచి వలస వచ్చినవారు అమెరికా పడమటి తీరంలో ఆ పోలికకే మోసపోయిన సందర్భాలున్నాయి. ఐరోపా చెట్ల వేళ్ళతో పాటు ఇక్కడికి చేరిన ఆ డెత్ క్యాప్ విషం ఉడికించినా, ఎండబెట్టినా పోదు. తిన్న ఆరు గంటల తరువాతే, ఒక్కోసారి మర్నాటికి గానీ వాంతులు మొదలుకావు. ఆపై కాస్త తెరిపిచ్చినట్టు అనిపించే రోజునే లోపల కాలేయం దెబ్బతింటూ ఉంటుంది. అనుమానం వస్తే లక్షణాల కోసం ఎదురు చూడకుండా అమెరికా విషప్రమాదాల సహాయ కేంద్రం 1-800-222-1222కు ఫోను చేయాలి.

ఏరవద్దని ఒక్క మాటతో కొట్టిపారేయడం కంటే, ఆ పెద్దావిడ జ్ఞానం ఏ నేలకు చెందిందో చెప్పడమే మర్యాద అని నా అభిప్రాయం. అసలైన పుట్టగొడుగు చెదలు పుట్ట లోపల పెంచుకునే బూజు తోట నుంచి, వేరులాంటి పొడవైన కాడతో పైకి వస్తుంది. ఆఫ్రికా, ఆసియాల్లో తప్ప మరెక్కడా సహజంగా పెరగదు. మన మాటలోనే ఆ షరతు ఉంది. ఇదే చెప్పాను. “అయితే ఇక్కడ పుట్టలే ఉండవా?” అని ఆశ్చర్యపోయి, చేతిలోనిది నాచు మీద పెట్టేశారు.

అందుచేత సంఘం కార్యవర్గానికి నా విన్నపం: వచ్చే ఏడాది శరదృతువు నడకకు, 1964 నుంచి పనిచేస్తున్న, పుట్టగొడుగులను అధ్యయనం చేసే ప్యూజెట్ సౌండ్ మైకలాజికల్ సొసైటీ సభ్యులొకరిని వెంట రమ్మని అడగండి. మన ఊళ్ళలో ఏ పుట్ట మీద, ఏ వానకు, ఏ గుర్తులతో ఏరేవారో పిల్లలకు చెప్పడానికి ఇద్దరు పెద్దవారిని కూడా పిలవండి.