సవరణ: బ్లాకాల్ పోస్టులో రెండు తప్పులు

మొన్న ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో ఉన్న బ్లాకాల్ ఊరి గురించి రాస్తూ, అక్కడి ఊల్‌స్కౌర్‌లోనే (ఉన్ని కడిగే కార్ఖానా) జాకీ హౌ ఒక్క రోజులో మెషిన్‌తో 321 గొర్రెల బొచ్చు కత్తిరించాడని రాసేశాను. తప్పు నాదే. అది జరిగింది 1892లో, దగ్గర్లోని ఆలిస్ డౌన్స్ స్టేషన్‌లో (స్టేషన్ అంటే రైల్వే స్టేషన్ కాదండోయ్, పెద్ద గొర్రెల ఫారం). ఊల్‌స్కౌర్ కట్టిందే 1908లో! పైగా అది ముఖ్యంగా ఉన్ని కడిగే చోటు, భూమిలోంచి వేడివేడిగా పైకొచ్చే బోరు నీళ్లతో, ఆవిరి ఇంజన్‌తో నడిచేది, 1978లో మూతపడింది. ఇక మెషిన్ సంగతి. ఆయన చేతిలో ఉన్నది మామూలు చేతి కత్తెర, పట్టిన టైం 7 గంటల 40 నిమిషాలు, ఆ లెక్కను మెషిన్ పట్టినవాళ్లు కూడా 1950 దాకా దాటలేకపోయారు. గొర్రెను పట్టుకున్న ఆయన విగ్రహం పక్కన ఫొటో దిగి మరీ ఇలా రాశాను, ఏం చెప్పను!