‘సముద్రానికి అయిదు నిమిషాల నడక’ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ ‘సముద్రానికి అయిదు నిమిషాల నడక’ గారి దివ్యసముఖానికి,

ఫ్రాన్సులోని తూలూజ్ నగరంలో మూడో అంతస్తులో, కాలు దిండుమీద పెట్టుకుని కూర్చున్న తమరి మాజీ అతిథి రాసుకునే విన్నపం. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మన సంప్రదాయమే గాని, అలా రాయడానికి నా ఎడమ మోకాలు సమ్మతించడం లేదు. తమరు మాత్రం కుశలమేనని తెలుసు. నిన్న రాత్రి ఆ అద్దె ఇంటి ప్రకటనను మళ్ళీ తెరిచి చూస్తే, నీలంరంగు ఫోటో కింద, అదే చోట, అవే అక్షరాలతో, ఒంటిమీద చెమటచుక్క లేకుండా దర్శనమిచ్చారు.

తమరి వంశం నాకు కొత్తది కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో షాద్‌నగర్ దాటాక కందిచేల మధ్య నాలుగు రాళ్ళు పాతి, ‘ఎయిర్‌పోర్టుకు పదిహేను నిమిషాలు’ అని బోర్డు పెట్టిన పెద్దమనిషి తమరికి పెదనాన్న వరస అవుతారనుకుంటాను. అప్పట్లో నేను ఆ ప్లాటు కొనలేదు. తెలివి ఉండి కాదు, డబ్బు లేక. మా పెద్దవాళ్ళకు ‘కూతవేటు దూరం’ అని ఒక కొలత ఉండేది. అందులో కనీసం కూసేవాడి గొంతు ఎంతటిదో చూసుకునే వీలుండేది. తమరి అయిదు నిమిషాలలో నడిచే కాళ్ళు ఎవరివో, ఎటు నడుస్తున్నాయో, వాటి చేతిలో సామాను ఉందో లేదో ఎక్కడా చెప్పరు.

కిందటి జూలైలో నేనూ నా భార్యా ఆమె తమ్ముడూ కలిసి కలాంక్‌లకు బయలుదేరాం. ఫ్రాన్సు దక్షిణ తీరంలో మార్సెయ్ నగరానికీ కాసీ అనే చిన్న రేవుకూ మధ్య, సుమారు ఇరవై కిలోమీటర్ల మేర తెల్లని సున్నపురాతి కొండలు నేరుగా మధ్యధరా సముద్రంలోకి దిగిపోయే చోటు అది. ఒకప్పుడు నీళ్ళు కోసిన లోయలు, మంచుయుగం ముగిసి సముద్రమట్టం పెరిగినప్పుడు మునిగిపోయి, కొండల మధ్య సన్నని సముద్రపాయలుగా మిగిలాయి, కలాంక్‌లంటే అవే. 2012లో దీన్ని నేషనల్ పార్కుగా ప్రకటించారు. (కాసీ పేరు చివర ఇంగ్లీషు ఎస్ అక్షరం ఒకటి ఉంది గాని స్థానికులు దాన్ని పలకరు. అందువల్ల ఫోనులో విన్న మా అమ్మ, ఈ వయసులోనే నాకింత భక్తి కుదిరినందుకు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అది కాశీ కాదని చెప్పేలోగా లైను తెగిపోయింది.)

మా కోరికలు మూడు: కొండల్లో నడవడం, కయాక్ అనే సన్నని తెడ్డుపడవ నడపడం, మా బావమరిదికి రాళ్ళెక్కడం. వాడు రెండేళ్ళుగా తూలూజ్‌లోని ఒక హాలులో రంగురంగుల ప్లాస్టిక్ రాళ్ళను పట్టుకుని వేలాడుతూ, అసలు రాయిని ఎప్పుడు చూస్తానా అని తపించిపోతున్నవాడు. ఈ మూడు కోరికలకూ తగిన బస ఏదని నాలుగు వారాలు వెతికి, చివరకు కాసీలోని ఒక ఇంటి ప్రకటనలో తమరి మాట చూసి ఆగిపోయాను. ఇక మ్యాపు చూడలేదు. చూసినా లాభం ఉండేది కాదు. మ్యాపులో మా ఇంటి గుర్తుకూ నీలంరంగుకూ మధ్య చిటికెనవేలు గోరంత ఖాళీ ఉంది. ఆ గోరంత ఖాళీ నేలమీద అడ్డంగా కాక నిలువుగా ఉంటుందన్నది అక్కడికి వెళ్ళాకనే తెలిసింది.

మొదటి సాయంత్రం నా భార్య ఫోనులో గడియారం పెట్టి తమరిని పరీక్షించింది. తమరి పరువు నిలబెట్టడానికే చెబుతున్నాను, నాలుగు నిమిషాల యాభై సెకన్లకు సముద్రం వచ్చింది. ఒక సందు మలుపులో నడుమెత్తు రాతిగోడ, దానిమీద ఎండకు కాలి చెయ్యి పెట్టనివ్వని ఇనుపకమ్మీ, కమ్మీ అవతల గాలి, ఆ గాలికి అడుగున, మా పాదాలకు నలభై మీటర్ల కింద, సముద్రం. మా బావమరిది కమ్మీమీద నుంచి తొంగిచూసి, “బావా, వీళ్ళు రాయాల్సింది నడక కాదు, దూకుడు” అన్నాడు. కాళ్ళు తడుపుకోగలిగే సముద్రానికి మెట్లదారి వేరే ఉంది: దిగడానికి పంతొమ్మిది నిమిషాలు, మెట్లు రెండువందల పద్నాలుగు. ఎక్కడానికి ఎంత పట్టిందో అడగవద్దు, ఎందుకంటే ఆరు లీటరున్నర సీసాల నీళ్ళ కట్టను నేను మోస్తున్నాను, ఆ ప్లాస్టిక్ పిడి ప్రతి ఇరవయ్యో మెట్టుకూ వేళ్ళు మారుస్తోంది. అలిపిరి నుంచి మూడుసార్లు తిరుమల కొండెక్కినవాణ్ణి, మోకాళ్ళ పర్వతం ఎక్కినవాణ్ణి. అక్కడ దారిపొడవునా నీడ ఉంటుంది, మజ్జిగ దొరుకుతుంది, పైన దేవుడుంటాడు. ఇక్కడ పైన తమరున్నారు.

నీళ్ళ సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. ఆ కొండల్లో దాదాపు ఎక్కడా తాగేనీటి చుక్క దొరకదు. వాన పడితే సున్నపురాతి పగుళ్ళలోంచి పాతాళానికి ఇంకిపోతుంది. కాసీ పక్కనే ఉన్న పోర్‌మియూ కలాంక్ దగ్గర, నేల అడుగున నది ఒకటి ప్రవహించి సముద్రగర్భంలోనే కలిసిపోతుంది. అంటే పైన నాలుక పిడచకట్టుకుని నడిచేవాడి కాళ్ళకింద నది ఉంది, వాడి సంచిలో మాత్రం సీసాలు మోయాలి. కాబట్టి ఇటువైపు బస వెతికే మనిషి మొదట అడగవలసింది సముద్రం ఎంత దూరమని కాదు, ఉదయం ఆరున్నరకే నీళ్ళూ రొట్టే అమ్మే దుకాణం ఎంత దూరమని. ఆ దుకాణం గురించి తమరి ప్రకటనలో ఒక్క అక్షరం లేదు.

రెండోరోజు ఎన్‌వో కలాంక్‌కు నడిచాం. కాసీ రేవు నుంచి పోర్‌మియూ, అక్కడి నుంచి పోర్‌పాన్, ఆపైన ఎన్‌వో. మామూలు కాళ్ళకు రెండు గంటలు చాలు. మా కాళ్ళకు రేవుదాకా దిగే దారి అదనం. చివరి దిగుడులో ఎన్ని వేల బూట్లు ఎన్నేళ్ళుగా అరగదీశాయో, ఆ సున్నపురాయి గచ్చు చేసినట్టు మెరుస్తోంది. దూరపు కొండలు నునుపని చిన్నప్పుడు చదువుకున్నాం. ఇక్కడ దగ్గరి కొండలే నునుపు, చిక్కంతా అక్కడే. నా మోకాలు ఆ దిగుడులోనే తన అభిప్రాయాన్ని మొదటిసారి వెల్లడించింది. అయినా నిజం చెప్పాలి: కింద గులకరాళ్ళమీద కూర్చుని, రెండు వైపులా నిటారుగా లేచిన తెల్లని గోడలనూ మధ్యలో ఆకుపచ్చని గాజులాంటి నీళ్ళనూ చూసినప్పుడు, ఒక అరగంట తమరిని కూడా క్షమించాను.

ఆ సాయంత్రం గాలి మొదలైంది. ఉత్తరం నుంచి వచ్చే ఆ పొడిగాలిని అక్కడ మిస్త్రాల్ అంటారు. జూన్ 1 నుంచి సెప్టెంబర్ 30 వరకు కొండల్లోకి ఎవరిని రానివ్వాలో, ఏ రోజు ఎవరినీ రానివ్వకూడదో, కార్చిచ్చు ప్రమాదాన్ని బట్టి ముందురోజు సాయంత్రమే అధికారులు రంగులతో ప్రకటిస్తారు. మాకు వచ్చింది ఎరుపు. అంటే దారులన్నీ మూత. సరే, కయాక్ ఉంది కదా అనుకున్నాం. కొండకు నిప్పు భయం తెచ్చిన గాలే సముద్రానికి అలలు తెచ్చింది కాబట్టి కయాక్‌లు కూడా ఒడ్డున బోర్లా పడుకున్నాయి. పోనీ ఈతకొడదామని రెండువందల పద్నాలుగు మెట్లూ దిగితే, ఆ గాలి పైనున్న వెచ్చటి నీటిని ఒడ్డు నుంచి లోపలికి నెట్టేసి, అడుగున ఉన్న చల్లనీటిని పైకి తెచ్చిపెట్టింది. జూలై మాసంలో కాలు పెట్టగానే ఎముక జిల్లుమంది. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటే ఏమిటో ఆ అల్లుడిని నేనే కాబట్టి నాకు బాగా అర్థమైంది. తమరు మాత్రం ఆ రోజు కూడా అయిదు నిమిషాలే.

ఇలాంటి రోజు మార్సెయ్‌లో ఉన్నవాడికి ఒక నగరం మిగులుతుంది. కాసీ కొండమీద ఉన్నవాడికి ఇనుపకమ్మీ మిగులుతుంది. మేము రైలెక్కి మార్సెయ్ వెళ్దామనుకున్నాం. రైలు ప్రయాణం అరగంటలోపే. కానీ కాసీ స్టేషను ఊళ్ళో లేదు, మూడు కిలోమీటర్లకు పైగా ఎగువన ఉంది. ఈ సంగతీ ప్రకటనలో లేదు గాని, ఆ విషయంలో తమరిని తప్పుపట్టను. ఒక్కరు ఎన్ని అబద్ధాలని మోయగలరు?

మార్సెయ్‌లో ఆ రోజు కోస్కేర్ గుహ నమూనా చూశాం, 2022లో తెరిచారు. అసలు గుహ కలాంక్‌లలోని మోర్జియూ అగ్రం దగ్గర నీటికింద ఉంది. ద్వారమే 37 మీటర్ల లోతు. ఆన్రీ కోస్కేర్ అనే డైవర్ 1985లో కనుగొని 1991లో లోకానికి చెప్పాడు. లోపల వేల ఏళ్ళనాటి గుర్రాల బొమ్మలు, చేతిముద్రలు, పెంగ్విన్‌లను పోలిన పక్షుల బొమ్మలు ఉన్నాయి. ఆ బొమ్మలు వేసిన కాలంలో సముద్రమట్టం వంద మీటర్లకు పైగా కింద ఉండేది, ఒడ్డు కొన్ని కిలోమీటర్ల అవతల ఉండేది. ఆ గుహలో బస చేసినవాళ్ళకు తమరిలాంటి వాక్యాన్ని ఎవరో వినిపించే ఉంటారు, ఇదిగో సముద్రం పక్కనే అని. కాస్త ఆలస్యమైనా, మీ వంశంలో మాట నిలబడింది ఆ ఒక్కచోటే. సముద్రం తానే నడిచి గదిలోకి వచ్చింది.

మర్నాడు మా బావమరిదికి సుజిటోన్ కలాంక్ వైపు రాళ్ళు చూపిద్దామనుకున్నాం. ఆ వైపు రాళ్ళమీదే ఎక్కడం నేర్చి, 1950లో హిమాలయాల్లోని అన్నపూర్ణ శిఖర యాత్రకు వెళ్ళిన గస్తోన్ రెబ్యుఫా 1921లో మార్సెయ్‌లోనే పుట్టాడు. మా బావమరిది గది గోడమీద ఆయన ఫోటో ఉంది. సుజిటోన్‌కు దారి మార్సెయ్ దక్షిణాన లుమినీ విశ్వవిద్యాలయం దగ్గర మొదలవుతుంది. నగరం నుంచి సిటీబస్సు ఆఖరి స్టాపు అదే, దిగితే కొండదారి. మేము ఆ బస్సు అందుకోవడానికి మెట్లు దిగి, స్టేషనుకు ఎక్కి, రైలెక్కి, మెట్రో ఎక్కి, అప్పుడు బస్సెక్కాలి. అంతా అయ్యాక తెలిసింది, వేసవిలో ఆ కలాంక్‌లోకి దిగాలంటే ముందే పేరు నమోదు చేసుకోవాలని. రద్దీ రోజుల్లో 2,500 మంది వరకు తొక్కి నేలను కోసేస్తుంటే, 2022 నుంచి రోజుకు 400 మందికి కుదించారు. నమోదు ఉచితమే, కానీ మా పేరు లేదు. పైన నిలబడి రాళ్ళను చూసి, మా బావమరిది ఫోటో తీసుకుని వచ్చాడు. “ప్లాస్టిక్ రాళ్ళకే ఇలాంటి గొడవ ఉండదు బావా” అన్నాడు. వాడు సౌమ్యుడు కాబట్టి అంతటితో వదిలేశాడు.

కాసీలో ఉండకూడదని నేను అనను. కయాక్ మాత్రమే కావలసినవాళ్ళు, తెల్లవారుజామునే పోర్‌పాన్‌లో మునగదలచినవాళ్ళు రేవు పక్కన, సమతలంమీద, గది చిన్నదైనా సరే, అక్కడే ఉండాలి. కాప్ కనాయ్ కొండ అంచున నిలబడి దాదాపు నాలుగువందల మీటర్ల కింద సముద్రాన్ని చూడాలనుకునేవాళ్ళకు లా సియోతా ఊరు కూడా నప్పుతుంది. నడిచేవాళ్ళూ రాళ్ళెక్కేవాళ్ళూ మాత్రం మార్సెయ్ దక్షిణపు పేటల్లో, సముద్రం కనబడని సందుల్లో, లుమినీ బస్సు ఆగే చోటును చూసుకుని దిగాలి. గుడారం వేసుకుంటామంటే పార్కులో ఎక్కడా కుదరదు, నిషేధం. నిజానికి మోర్జియూ దారికి అన్నిటికంటే దగ్గరగా, పక్కా భవనంలో, భోజనంతో సహా బస ఇచ్చేది మార్సెయ్‌లోని బోమెట్ జైలు. అక్కడ గదులు ఇచ్చేవారు సముద్రం గురించి ఏ హామీ ఇచ్చినట్టూ నేను వినలేదు.

సెప్టెంబరులో మళ్ళీ వెళ్తున్నాం. ఈసారి మార్సెయ్‌లోని మజార్గ్ పేటలో ఒక ముసలావిడ ఇంట్లో గది. ప్రకటనలో రెండే మాటలు: కింద బేకరీ, ఎదురుగా బస్టాపు. కిటికీలోంచి పక్కింటి గోడా, ఆ గోడమీద ఆరేసిన దుప్పటీ కనిపిస్తాయి. తమరి అలవాటు పోక నా భార్య ఫోనులో, సముద్రం ఎంత దూరమండీ అని అడిగింది. ఆవిడ కాసేపు ఆగి, “ఏ రోజు?” అంది.

తమరి గదికి నేను ఇచ్చిన రేటింగు సంగతి ఇక్కడ ఎత్తను. మొన్న అమ్మ ఫోను చేసి, అసలు విషయం ఇంకా తెలియక, “కాశీకి వెళ్ళినవాళ్ళు ఇష్టమైనదేదో ఒకటి వదిలేసి రావాలి కదా, నువ్వేం వదిలేశావు నాన్నా?” అని అడిగింది. తమరి పేరు చెప్పాను.

ఇట్లు,
చెప్పులు మాత్రమే పెట్టుకుని బయలుదేరిన
తమరి అతిథి