తోక తెగిన అల్లుడు గారికి

శ్రీ డెల్టా ఫాస్‌బి గారికి,
న్యూక్లియస్ అకంబెన్స్ వీధి (సుఖం రుచి చూపించే పేట), మెదడు లోపల.

అయ్యా,

"తోక లేని పిట్ట తొంభై ఆమడలు పోతుంది, ఏమిటది?" అని మా అమ్మమ్మ పొడుపు కథ వేసేది. విప్పితే ఉత్తరం. ఇన్నేళ్ళకి చేత్తో ఒక ఉత్తరం రాద్దామని కూర్చుంటే, అందుకోవాల్సిన మీకే తోక లేదు.

మీ ఇంటి సంగతులు విన్నాను. మీరు మెదడు కణాల్లో పుట్టే ఒక ప్రోటీను. మీరూ మీ అన్నగారు ఫాస్‌బి ఒకే జన్యువు బిడ్డలు. ఆయనకు నిండు తోక. మీకు కత్తిరింపులో చివరి 101 అమైనో ఆమ్లాలు ఎగిరిపోయాయి. అయ్యో పాపం అందామనుకున్నాను. తీరా చూస్తే, పాతబడ్డ ప్రోటీనును కణం పట్టుకుని చెత్తలో వేసే పిడి ఉండేది ఆ తోకలోనేట! పిడి లేని చెంబును ఎవరు ఎత్తగలరు? అన్నగారు, మీ చుట్టం సి-ఫాస్ అనే ఇంకో ప్రోటీను, ఇద్దరూ మర్యాదస్తులు. కబురొస్తే వస్తారు, గంటల్లో పని చూసుకుని పోతారు. మీరేమో సంక్రాంతికొచ్చి ఉగాది పచ్చడి తిన్నాక కూడా చెప్పులేసుకోని కొత్తల్లుడి బాపతు. పైగా కొకైన్ రోజూ లోపలికి పోతుంటే నిన్నటి మీరు కదలకముందే ఇవాళ్టి మీరు సంచీతో దిగుతారు.

1990ల్లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో ఎరిక్ నెస్లర్ అనే శాస్త్రవేత్త బృందం మిమ్మల్ని పోల్చుకుంది. 1999లో ఇంకో చోద్యం బయటపడింది. కొకైన్ అలవాటే లేని ఎలుకల మెదడులో మిమ్మల్ని ఎక్కువగా పుట్టిస్తే, కాస్త కొకైన్‌కే రెచ్చిపోయాయి, అది దొరికిన చోటికే ఎగబడ్డాయి. మీకు "మాలిక్యులర్ స్విచ్" అని బిరుదు కూడా ఇచ్చారు. మా ఇంట్లో స్విచ్చులు ఆర్పేస్తే ఆరిపోతాయి మరి.

మీ పనితనం మెచ్చుకోవాలి. జున్‌డి అనే జతగాడి ప్రోటీనును వెంటేసుకుని డీఎన్‌ఏ మీద తిష్ఠ వేస్తారు. కండెకు చుట్టిన దారంలా డీఎన్‌ఏ హిస్టోన్లనే ప్రోటీన్లకు చుట్టుకుని ఉంటుంది కదా, ఒకచోట చుట్టు వదులు చేయించి జన్యువు చేత మాట్లాడిస్తారు, ఇంకోచోట బిగించి నోరు నొక్కేస్తారు. ఆంఫెటమిన్ అనే ఇంకో మత్తుమందు మరిగిన ఎలుకల్లో సి-ఫాస్ జన్యువు దగ్గరికే బిగించే ఎంజైమును పిలిపించారట. ఇల్లరికం వచ్చినవాడు బావమరిదికి గుమ్మం మూయించినట్టు!

అలాగని తప్పంతా మీదే అంటే కళ్ళు పోతాయి. చక్కెర నీళ్ళు తాగిన ఎలుకలోనూ మీరు పోగయ్యారు, ఇష్టంగా చక్రం తిప్పిన ఎలుకలోనూ పోగయ్యారు. "ఇది బాగుంది, మళ్ళీ వెతుక్కో" అని రాసిపెట్టడమే మీ ఉద్యోగం. రాయించేది ఎవరో మీకు పట్టదు. గుమాస్తా బుద్ధి.

అసలు ఫిర్యాదు ఇప్పుడు రాస్తున్నాను. మా బాబాయి కొడుకు డీఎడిక్షన్ సెంటర్లో మూడు వారాలుండి వచ్చాడు. మూత్ర పరీక్షలో నెగటివ్. కొకైన్ ఆనవాళ్ళు మూత్రంలో సాధారణంగా కొద్దిరోజులే ఉంటాయి, రాకేం చేస్తుంది? బాబాయి ఆ కాగితాన్ని లామినేషన్ చేయించి, వచ్చినవాళ్ళందరికీ పెళ్ళి శుభలేఖలా చూపించాడు. "లోపల ఏమీ లేదు, ఇంకా అటు చూస్తే ఒళ్ళు కొవ్వే" అని తీర్పు. లోపల మీరున్నారని ఆ కాగితంలో లేదు. మీరు వెళ్ళాక కూడా న్యూరాన్ల కొమ్మల మీద మొలిచిన ముళ్ళు చాలాకాలం ఉంటాయనీ లేదు. కొకైన్ వ్యసనానికి అమెరికాలో మందులకు అనుమతినిచ్చే ఎఫ్‌డీఏ ఆమోదించిన మందు ఇప్పటికీ ఒక్కటీ లేదంటే, బాబాయి "అందుకే రెండు తగిలించాలి" అన్నాడు.

పోయిన వారం వాడి బండి వెనక కూర్చున్నాను. పాత పబ్బు సందు వంద గజాలుందనగా మాటలు ఆగిపోయాయి. మెడ వెనక చెమట. హ్యాండిల్ మీద వేళ్ళు వేళ్ళనే వాయించుకుంటున్నాయి. సందు దాటాక నెమ్మదిగా "అన్నా, ఎండ ఎక్కువైంది కదా" అన్నాడు. రాత్రి తొమ్మిదిన్నర.

అప్పట్నుంచి వాడు ఆ దారిన రావట్లేదు. రోజూ ఆరు కిలోమీటర్లు చుట్టు తిరిగి ఇంటికొస్తున్నాడు. పెట్రోలు దండగ అని బాబాయి సణుగుడు. బంకు రసీదులు నేను దాచిపెట్టాను. మొత్తం మీ ఖాతాలో రాశాను, వెళ్ళేటప్పుడు లెక్క తేల్చి వెళ్ళండి.

ఇట్లు,
మీ అత్తారి తరఫు పెద్దమనిషి