పదిహేను నిమిషాల రొయ్యల పాస్తా

వీడియో మీద పెద్దక్షరాలతో ఉంటుంది: ‘పదిహేను నిమిషాల్లో రొయ్యల పాస్తా’. నొక్కగానే ఒక గాజు గిన్నె. అందులో ఒలిచి, కడిగి, తడి కూడా ఆరబెట్టిన రొయ్యలు బుద్ధిగా ముడుచుకుని పడుకుని ఉంటాయి. చెరువులోంచి బయటికొచ్చి, చొక్కాలు విప్పి, స్నానాలు చేసి, వాటంతటవే గిన్నెలోకి నడిచొచ్చాయని మనం నమ్మాలి. నమ్ముతున్నాం కూడా, లక్షల్లో లైకులు కొట్టి మరీ.

లెక్కలు వచ్చినవాళ్లు ఒక్కసారి ఇటు చూడండి. రొయ్యలకి కౌంట్ ఉంటుంది. కిలోకి ముప్పై తూగితే ముప్పై కౌంట్, వంద తూగితే వంద కౌంట్. మధ్యతరగతి సంచిలోకి వచ్చేది ఎక్కువగా చిన్నదే. వంద కౌంట్ కిలో తెచ్చారంటే వంద తలలు తుంచాలి, వంద పెంకులు ఒలవాలి, వంద వీపులు చీరి నల్లటి పేగు లాగాలి. ఆ పేగులో ఏముంటుందో భోజనాల వేళ చెప్పను. చెయ్యి తిరిగినవాళ్లకి ఒక్కోదానికి అరనిమిషం వేసుకున్నా యాభై నిమిషాలు. ఆపైన ఉప్పూ పసుపూ పట్టించి కడగడం, తల మీది ముల్లు వేలికి దిగితే నోట్లో పెట్టుకోవడం, చెత్తబండి వచ్చేదాకా ఆ పొట్టుని పిల్లి బారిన పడకుండా దాచడం. ఈ గంట ఏ వీడియోలోనూ లేదు. వంట మొదలయ్యేది గాజు గిన్నె నుంచే కాబట్టి, అంతకుముందు జరిగినదాన్ని చరిత్ర అనాలి కాబోలు.

మా బంధువు ఒకాయన హైదరాబాద్‌లో ఉంటాడు. ఆదివారం వంట తనదేనని ప్రకటించాడు. మంచిదే. పొద్దున్న తొమ్మిదింటికే పాలకొల్లు నుంచి వచ్చిన అత్తగారు వాషింగ్ మెషీన్ పక్కన పీట వేసుకుని రొయ్యల ముందు కూర్చున్నారు. ఆయన భార్య వెల్లుల్లి ఒలిచి, ఉల్లిపాయలు తరిగి, టమాటాలు ఉడికించి తొక్క తీసి, స్టవ్ తుడిచి పెట్టింది. పదకొండున్నరకి ఆయన ఏప్రన్ కట్టుకుని, ఫోన్‌ని స్టాండ్‌కి బిగించి రంగప్రవేశం చేశాడు. ఏళ్ల తరబడి కూలీలు కట్టిన వంతెనకి మంత్రిగారు రిబ్బన్ కత్తిరించడానికి వచ్చినట్టే.

“అత్తయ్యగారూ, రొయ్యలు రెడీనాండీ?”

“అయిపోవచ్చాయి బాబూ, ఇంకో పది.”

“కొంచెం తొందరగా కానివ్వండి. నీళ్లు మరిగిపోతున్నాయి.”

నీళ్లు మరగడం ఆ ఇంట్లో అప్పటికి ఆయన చేసిన ఏకైక పని. అది కూడా స్టవ్ చేసింది.

రొయ్య బాణలిలో పడింది. మూడు నిమిషాలు దాటితే రొయ్య రబ్బరవుతుందని ఆయనకి తెలుసు, ఆ సంగతి కెమెరాకి వివరంగా చెప్పాడు కూడా. చెబుతూ ఉండగానే ఆరు నిమిషాలైంది. ఇంతలో పాస్తాలో వెయ్యాల్సిన బేసిల్ ఆకు లేదని గుర్తొచ్చింది. పరుగున బాల్కనీలోకి వెళ్లి తులసికోట మీద చెయ్యి వేశాడు. అత్తగారు తడి చేతులతోనే లేచొచ్చారు.

“అయ్యో, అదెందుకు బాబూ!”

“రెండూ ఒకే కుటుంబం అత్తయ్యగారూ. నెట్‌లో ఉంది.”

“కుటుంబమైతే మాత్రం? పొద్దున్నే దీపం పెట్టానండీ దానికి! రొయ్యల్లో వేస్తారా?”

చర్చలు విఫలమయ్యాయి. కొత్తిమీర వేశారు.

అసలు విషాదం రుచిది. రొయ్య రుచంతా తలలోనూ పెంకులోనూ ఉంటుంది. తెలిసిన వంటవాడు వాటిని ఆలివ్ నూనెలో వేయించి, నీళ్లు పోసి మరిగించి, వడగట్టిన ఆ రసంలో, పాస్తా ఉడికిన నీళ్లు ఒక గరిటె పోసి అంతా కలుపుతాడు. ఇటలీవాళ్లు మామూలుగా దాని మీద చీజ్ కూడా వెయ్యరు. మనవాడి రసం పాత పేపర్లో చుట్టి చెత్తబుట్టలో పడి గంటైంది. అందుకే క్రీమ్. క్రీమ్ చాలక చీజ్. చీజ్ చప్పగా ఉందని, పిజ్జాతో వచ్చిన చిల్లీ ఫ్లేక్స్ పొట్లాలు డ్రాయర్ అడుగు నుంచి తీసి చింపారు. గంటసేపు కూర్చుని ఒలిచినావిడ చివరికి ఆవకాయ కలుపుకుని తిన్నారు.

ఇక్కడ తెలివైన పాఠకుడు చెయ్యెత్తుతాడు: ఒలిచినవే ప్యాకెట్లలో దొరుకుతాయి కదండీ, ఎందుకీ గోల? దొరుకుతాయి. డాలస్‌లో ఉన్న భీమవరం కుర్రాడు సూపర్‌మార్కెట్‌లో ఫ్రోజెన్ ప్యాకెట్ కొని వెనక్కి తిప్పితే ‘ప్రోడక్ట్ ఆఫ్ ఇండియా’ అని ఉంటుంది. వాళ్ల ఊరి చెరువులో పెరిగిన వనామీ రకం రొయ్యే అయ్యుండొచ్చు. 2009లో ఈ రకానికి మన దేశంలో అనుమతి ఇచ్చారు, ఇప్పుడు రొయ్యల సాగులో దేశంలోకెల్లా ఆంధ్రదే పైచేయి. కుర్రాడికి ఒలిచే పని తప్పింది. మరి ఒలిచిందెవరు?

ఆడవాళ్లే. 2024 మార్చిలో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ వాళ్లు రొయ్యలు ఒలిచే మన పీలింగ్ షెడ్ల గురించి రాసింది చదవండి. మంచు ముక్కల్లో రొయ్యలు, వాటి మీద వంగిపోయిన నడుములు, కొందరికి కాళ్లకి చెప్పులు కూడా లేవు, కోసుకుపోయిన వేళ్లకి కట్లు. మన పదిహేను నిమిషాలు ఆ వేళ్ల మీద నడుస్తున్నాయి. 2025 ఆగస్టులో మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి పెంచగానే చెరువు గట్టున రేటు పడింది. రైతు అడిగితే ఎగుమతిదారు అమెరికాని చూపిస్తాడు, మేత కంపెనీ మేతలో కలిపే సోయా ధర చూపిస్తుంది. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టెడు రొయ్యలు మాయం. సుంకం మీద టీవీల్లో చర్చలు పెట్టారు, కన్నీళ్లు పెట్టుకున్నారు. ఆ షెడ్డులో ఆవిడకి గ్లౌజులు ఇచ్చారా, రోజుకి ఎంత చేతిలో పెడుతున్నారు అని ఒక్కడు అడిగాడా? గ్లౌజులకి సుంకం అడ్డొచ్చిందా? వేళ్లు ఆమెవి, తొందర మనది, డాలర్లు ఇంకెవరివో. మళ్లీ దీనికి ‘ఈజీ రెసిపీ’ అని పేరు. సిగ్గు లేకపోతే సరి!

మా బంధువు వీడియో బాగా పోయిందట. అందులో అత్తగారు ఎక్కడా కనిపించరు. పీట కాలు ఒకటి మూలన పడిందని ఎడిటింగ్‌లో అది కూడా కత్తిరించాడు. వచ్చే ఆదివారం పీతలట. ఇరవై నిమిషాల్లో అయిపోతాయట. అత్తగారికి మాత్రం శనివారం రాత్రి బస్సుకే టికెట్ దొరికిందట పాపం.